వాన పడిన రోజు నా నాయకత్వం

మా జిల్లాలో నాయకులకు ఏనాడూ కొరత లేదు. కొరతంతా వానకూ, వెనక నడిచే మనుషులకూ. ఏ ఇంట్లో చూసినా ఒకరు మాజీ సర్పంచో, ఇంకొకరు కాబోయే సర్పంచో ఉంటారు. ఆ రెండూ కానివాడు "మనం ఒక మాట చెబితే అయిపోతాది" అనే రకం. అలాంటి చోటికి నాయకత్వం నేర్పించడానికి బెంగళూరు నుంచి మనిషిని పిలిపించారంటే, ఆ ఆలోచన పుట్టిన బుర్రకు రెండు చేతులా దండం పెట్టాలి.

ఆ బుర్ర మా యజమానిది. నేను ముదిగుబ్బ దగ్గర ఆయన పాల కేంద్రంలో పనిచేస్తాను. చుట్టుపక్కల ఊళ్ళ పాలు పొద్దునా సాయంత్రమూ క్యాన్లలో వస్తాయి. తూకం వేసి, వెన్న శాతం చూసి, పెద్ద ట్యాంకులో పోసి చల్లబరుస్తాం. మధ్యాహ్నం ట్యాంకరు వచ్చి తీసుకుపోతుంది. మా పాత మేనేజరు మానేసి వెళ్ళిపోయాక ఆయన పనంతా నా నెత్తిన పడింది. పని పడింది గానీ కుర్చీ పడలేదు. ఖాళీ కుర్చీలో కూర్చుంటే "చూసినావా, అప్పుడే ఎక్కి కూచునింది" అంటారని, దాని పక్కనే ఒక స్టూలు వేసుకుని, ఎవరైనా "మేనేజరు ఎవరు?" అని అడిగితే కుర్చీ వైపు చూపించేదాన్ని. అలా చాలాకాలం కుర్చీకి అసిస్టెంటుగా పనిచేశాను.

ఆ కుర్చీ నాకు కావాలి. ఈ మాట ఇప్పుడు మొహమాటం లేకుండా చెబుతున్నాను గానీ, అప్పట్లో మా ఆయనకు కూడా గట్టిగా చెప్పలేదు.

కావాలనుకున్నది నేనొక్కదాన్నే కాదు. ఊళ్ళు తిరిగి పాల బండ్లు చూసుకునే సూపర్‌వైజరు ఒకాయన ఉన్నాడు. వాళ్ళ పెదనాయన ఒకప్పుడు మండలంలో పెద్ద పేరున్న మనిషి. ఈయన ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో, కళ్ళకు నల్లద్దాలతో వచ్చి, ఎదురొచ్చిన ప్రతివాడి భుజం మీదా చెయ్యేసి "ఏం మామా" అంటాడు. మామ కానివాళ్ళు కూడా ఆ క్షణానికి మామలైపోతారు. నన్ను మాత్రం "అక్కా" అంటాడు. పోటీదారుడు మర్యాద ఇస్తే తిట్టడానికి వీలుండదు, అదొక బాధ.

యజమాని ఇద్దరినీ పిలిచి తేల్చిచెప్పేశాడు. "బెంగళూరు నుంచి ఒకాయన వస్తాండాడు. కొండ ఎక్కిస్తాడంట. ట్రెక్కింగు. ఆడ ఎవరు లీడరని తేలితే కుర్చీ వాళ్ళది."

కేంద్రంలో ఈ కబురు చెప్పినప్పుడు క్యాన్లు మోసే పెద్దాయన భుజం మీది క్యాను కింద పెట్టాడు.

"ట్రెక్కింగంటే ఏందమ్మా?"

"కొండెక్కేది."

"కొండ మీద ఏముండాది?"

"ఏం లేదు."

"మరి యాలకు ఎక్కేది?"

"మళ్ళా దిగేదానికి."

"కొండెక్కినోళ్ళంతా మేనేజర్లయ్యేటట్టుంటే మా మేకలకు ఎప్పుడో ప్రమోషన్ రావల్ల" అని ఆయన క్యాను భుజానికెత్తుకున్నాడు.

శిక్షణ రెండు రోజులు. పొద్దున పాలు దించుకుని, ఆ రెండు రోజులకు ముందే రమ్మన్న ట్యాంకరును పంపేశాక కొండెక్కడం, సాయంత్రం పాల వేళకు దిగి వచ్చెయ్యడం. ఒక రోజు ఆయన నాయకుడు, రెండో రోజు నేను. కేంద్రంలో పనిచేసే ఏడెనిమిది మందీ మా బలగం. నాయకులు మారతారు, బలగం అదే. వాళ్ళను జెండాతో సహా పైకి తీసుకుపోవాలి, ఒక్కరు కూడా తగ్గకుండా కిందికి తీసుకురావాలి, కింద అందరూ కలిసి ఫోటో దిగాలి. ఎక్కించినందుకు సగం మార్కులు, కలిపి దించినందుకు సగం.

బెంగళూరు ఆయన కుర్రవాడే. గడ్డం కింద తాడు కట్టిన టోపీ, మెడలో విజిలు, వీపు మీది సంచిలోంచి నోటి దాకా వచ్చే నీళ్ళ గొట్టం. మనిషి మంచివాడు. ఎండకు మొహం కందిపోతున్నా నవ్వు మాత్రం ఆపలేదు.

కొండ కిందే మొదటి పాఠం పెట్టాడు. ఒకరు కళ్ళు మూసుకుని కట్టెలా వెనక్కి పడాలట, వెనకున్నవాళ్ళు పట్టుకోవాలట, దానివల్ల ఒకరి మీద ఒకరికి నమ్మకం పెరుగుతుందట. ఎవరూ కదల్లేదు. క్యాన్ల పెద్దాయన చేతులు కట్టుకున్నాడు.

"సార్, మా ఊర్లల్ల వెనక ఎవరుండారో చూసుకోకుండా నిలబడేదే లేదు. కండ్లు మూసుకొని పడేదా? మా ఇంటావంటా లేదు."

చివరికి బతిమాలగా బతిమాలగా ఒకతను ఒప్పుకున్నాడు. ముందు వెనక్కి తిరిగి, పట్టుకోబోయే వాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసి, "నువ్వొద్దు, నువ్వు పక్కకు పో" అని ఒకరిని తీసేసి, అప్పుడు పడ్డాడు. అదీ కళ్ళు తెరుచుకునే. శిక్షకుడు ఫోనులో ఏవో మార్కులు వేసుకున్నాడు.

తర్వాత సూపర్‌వైజరు నాయకత్వం మొదలైంది. నేను కూడా ఆ రోజు బలగంలో ఒకదాన్నే కాబట్టి అంతా కళ్ళారా చూశాను. ఆయన కొండ మొదట్లో ఒక వేపచెట్టు చూసుకున్నాడు. దాని కింద తువ్వాలు పరిచాడు. "మామా, నువ్వు జెండా ఎత్తుకో. తమ్ముడూ, నీళ్ళు నువ్వు. అక్కా, నువ్వు కొంచెం వెనక నుంచి అందర్నీ చూసుకుంటా పో." అంతే. మేము పొదల్లో గీరుకుంటూ, కాలే బండల మీద చేతులు ఆనించుకుంటూ పైకి పోయాం, జెండా పాతాం, దిగి వచ్చాం. ఆయన చొక్కా మడత అలాగే ఉంది. ఇక వీడికి మార్కులు సున్నా అనుకుని నేను లోపల సంబరపడుతుంటే, శిక్షకుడు చప్పట్లు కొట్టాడు.

"దీన్నే డెలిగేషన్ అంటారు! గొప్ప లీడర్ తను చేయడు, చేయిస్తాడు!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెట్టు కింద పడుకోవడానికి ఇంగ్లీషులో అంత మంచి మాట ఉందని తెలిసుంటే మా ఇంటి మగవాళ్ళకెప్పుడో పతకాలు వచ్చేవి.

రెండో రోజు నా వంతు. నేనూ పనులు పంచాను. జెండా పట్టుకోమంటే "నిన్న పట్టుకున్యా" అని ఒకరు, నీళ్ళంటే "భుజం నొప్పి" అని ఇంకొకరు. సూపర్‌వైజరు "నాకు మోకాలు బాగలేదక్కా, కింద జీపు కాడ ఉంటా" అన్నాడు. శిక్షకుడు ఒప్పుకున్నాడు. చివరికి జెండా నేనే పట్టుకుని నడిచాను. సగం కొండ దాటాక ఒక చదునైన బండ కనిపించేసరికి బలగమంతా కూలబడి సద్ది మూటలు విప్పింది. జొన్నరొట్టెలూ ఊరిబిండి పచ్చడీ బయటికొచ్చాయి. శిక్షకుడు పరుగున వచ్చి, అలాంటివి తింటే నిద్రొస్తుందని, తన సంచిలోంచి తళతళలాడే కాగితాల్లో చుట్టిన బిళ్ళలు తీసి అందరికీ పంచాడు. బలం కోసమట. పెద్దాయన కాగితం విప్పి, కొరికి, నమిలి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి మన శెనక్కాయలేనప్పా! బెంగళూరుకు పోయి చొక్కా తొడుక్కోని వచ్చినాయి."

తిన్నాక లేవమన్నాను. ఎవరూ లేవలేదు.

"అక్కా, నిన్ననే కదా ఎక్కింటిమి. కొండ యామన్నా మారిందా?"

"ఇంకొంచెమే ఉండాది, లేయండప్పా."

"కొంచెమే కదా, ఎక్కినట్టు రాయించుకో."

అరిచాను. బతిమాలాను. సాయంత్రం టీ ఇప్పిస్తానన్నాను. నా నాయకత్వం ఏ స్థాయికి దిగిందంటే, ఒకాయన చెప్పు తెగిందంటే నా చెప్పులు ఇస్తానన్నాను. శిక్షకుడు పక్కనే నిలబడి ఫోనులో ఏదో నొక్కుతున్నాడు. ఆయన వేలు కదిలినప్పుడల్లా ఆ కుర్చీ నాకు ఇంకాస్త దూరం జరిగినట్టుండేది. నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు గాలి తిరిగింది.

మా ప్రాంతం తెలియనివాళ్ళకు ఇది కొంచెం చెప్పాలి. ఆ ఏడు ముంగారు వాన, అదే తొలకరి, రాలేదు. దుక్కులు దున్ని, వేరుశెనగ విత్తనం ఇళ్ళల్లో పెట్టుకుని, అందరమూ ఆకాశం వంక చూస్తున్నాం. మాలో ప్రతివాళ్ళకూ ఎంతో కొంత చేను ఉంది. జీతం ఎవరిచ్చినా మేమంతా లోపల వాన మనుషులమే. విత్తనం వేయడానికి సరిపడా నేల తడవడాన్ని పదును అంటాం. మా ఎర్రనేలలో ఆ పదును గట్టిగా రెండు ఎండలకు కూడా నిలవదు. అది ఉన్నప్పుడే విత్తాలి, తప్పితే ఆ ఏడు తప్పినట్టే.

గాలిలో తడిమట్టి వాసన వచ్చింది. నములుతున్న నోళ్ళు ఆగిపోయాయి. కొండకు అవతల ఎక్కడో ఉరిమింది.

"వాన!" అన్నాడు ఒకాయన గొంతు తగ్గించి. గట్టిగా అంటే పారిపోతుందన్నట్టు.

"యా పక్క పడతాంది?"

"ఈడ నుంచి యాడ కనపడతాది? కొండ అడ్డం ఉండాది."

నా బుర్రలో ఒక దీపం వెలిగింది. మా దగ్గర వాన రోడ్డుకు ఈ పక్క పడితే ఆ పక్క పడదు. తన చేన్లో పడిందా పక్కోడి చేన్లో పడిందా అన్నది తెలుసుకోకుండా మావాళ్ళు ఊపిరి కూడా పీల్చలేరు.

"పైకి పోతే అంతా కనపడతాది. ఎవరి చేన్లో పడతాందో ఒక్కొక్క గట్టూ కనపడతాది" అన్నాను.

మాట పూర్తి కాలేదు. భుజం నొప్పి ఆయన లేచాడు. చెప్పు తెగినాయన వట్టి కాళ్ళతో లేచాడు. పెద్దాయన పంచె ఎగ్గట్టాడు. ముళ్ళు చూడలేదు, బండలు చూడలేదు, ఒకరినొకరు తోసుకుంటూ, పడినవాళ్ళను రెక్క పట్టి లాక్కుంటూ పరుగు తీశారు. నన్ను ఇద్దరు వెనక నుంచి నెట్టారు. జెండా నా చేతిలో నుంచి ఎవరు లాక్కున్నారో తెలియదు, నాకంటే ముందే పైకి చేరింది. శిక్షకుడు విజిలు వదిలేసి వీడియో తీసుకుంటూ ఆయాసపడుతూ వచ్చాడు.

"మేడం! ఏం చెప్పారు వాళ్ళతో?"

"మోటివేట్ చేసినా సార్" అన్నాను. నిన్నంతా ఆయన నోట విన్న మాటే.

పైనుంచి చూస్తే మా నేల ఎర్రగా, బోసిగా, దూరాన గాలిమరల దాకా పరుచుకుని ఉంది. వాన ఒక వైపు మాత్రమే తెర కట్టినట్టు పడుతోంది. ఇక మావాళ్ళ కేకలు చెప్పనలవి కాదు.

"అదో మా చేను! పడతాంది, పడతాంది!"

"మా గట్టు దాంక వచ్చి నిలిచిపాయ! మా బామ్మర్ది చేన్లో పడతాంది సూడప్పా! వాడు ఇత్తనం కూడా కొనలేదు!"

బామ్మర్ది మీద కోపంతో ఆయన వానను కూడా తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లకేనేమో, తెర మెల్లగా జరిగి ఆయన చేను మీదికి వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా గంతులేశాడు. జెండా పాతారు. శిక్షకుడు నాకు చెయ్యి కలిపి, "ఎక్కడంలో ఫుల్ మార్కులు మేడం" అన్నాడు. నా జన్మలో అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ గొప్ప జెండా గాలికి రెండుసార్లు ఊగేంతసేపు ఉంది.

ఎందుకంటే అప్పటికి ఫోన్లు మోగడం మొదలైంది. ఇళ్ళ నుంచి, చేల నుంచి. ఒకరు ఒక పక్క, ఒకరు ఇంకో పక్క, ఎవరి ఊరి దిక్కుగా వాళ్ళు కొండ దిగడం మొదలుపెట్టారు.

"అందరం కలిసి దిగల్లప్పా! ఫోటో ఉండాది!" అని అరిచాను.

"అక్కా, పదును! ఫోటో రేపు దిగుదాం, పదును రేపుంటాదా?" అని పొదల్లోంచి వినిపించింది.

శిక్షకుడు విజిలు ఊదాడు. గట్టిగా ఊదాడు. ఒక్కరూ వెనక్కి చూడలేదు. కొండ మీద నేనూ, ఆయనా, జెండా మిగిలాం. కింద మా జీపు దుమ్ము రేపుకుంటూ కదిలింది. సూపర్‌వైజరు, దారిలో దొరికిన మావాళ్ళను ఎక్కించుకుని పోతున్నాడు. వెంటనే ఫోను చేశాడు కూడా.

"అక్కా, నువ్వు కేంద్రం చూసుకో. మావాళ్ళందరికీ ట్రాక్టర్లు సర్దల్ల, నేను లేకపోతే కొట్లాడుకుంటారు. నా మోకాలు ఇప్పుడు బాగుండాది."

అది పెట్టగానే మా ఆయన ఫోను.

"మన చేన్లో మంచి పదునైంది. ట్రాక్టరు మాట్లాడినా. మాయమ్మ కొబ్బరికాయ పట్టుకోని చేన్లో కూచునుండాది. బిరీన వచ్చేయ్."

మా అత్తకు ఒక పట్టింపు ఉంది. విత్తేటప్పుడు చేన్లో మొదటి నాగటి సాలులో ఇంటి కోడలే విత్తనం వదలాలి. ఆమె కోడలుగా వచ్చినప్పుడు ఆమె వదిలింది, నేను వచ్చినప్పటి నుంచి నేను వదులుతున్నాను. ట్రాక్టరు వచ్చి మిగతా చేనంతా గంటలో వేసేసినా సరే, రోడ్డు పక్క మొదటి సాలు మాత్రం నా పిడికిలి లోంచే పడాలి. అది నాకు కూడా ఇష్టమైన పని. తడిమట్టిలో వట్టి కాళ్ళతో నడుస్తూ వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్క గింజా వదలడం కంటే సుఖమైన పని నాకు ఇంకొకటి తెలియదు.

కానీ సాయంత్రం పాలు వస్తాయి. వాన పడిందని గేదెలు పాలు ఆపవు. కేంద్రంలో దించుకోవడానికి ఒక్క మనిషి లేడు. యజమానికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఊళ్ళన్నిటి పాలూ విరిగిపోతే ఎక్కడంలో వచ్చిన ఫుల్ మార్కులు ఏ మూలకూ రావు. నేను నిలబడి ఆలోచించింది కొంచెంసేపే. నాకు కుర్చీ కావాలి. అంత సూటిగానే అనుకున్నాను.

"నేను రాలేను, పాలు ఉండాయి. అత్తతో చెప్పు" అన్నాను.

"నువ్వే చెప్పు. నాకు భయం" అని ఆయన పెట్టేశాడు.

శిక్షకుడి సామాను జీపులో పోయింది కాబట్టి ఆయన కూడా నాతోనే షేర్ ఆటోలో కేంద్రానికి వచ్చాడు. పాల బండ్లు వచ్చాయి. నేను తూకం, వెన్న శాతం, ట్యాంకు చూసుకుంటే, ఆయన టోపీ తాడు బిగించి క్యాన్లు దించాడు. పాలు పోయడానికి వచ్చిన ఒకామె ఆయన్ను ఎగాదిగా చూసి, "కొత్త కూలోడా? పాపం, నిలువునా కందిపోయినాడు" అంది. ఆయన పూర్తిగా అర్థం కాక నవ్వాడు.

వానకు కరెంటు పోయింది. జనరేటరు పెట్టాను. అది గంటకోసారి దగ్గి ఆగిపోయే రకం, పక్కన మనిషి ఉండాలి. మర్నాడు పొద్దునా ఎవరూ రాలేదు, అందరూ విత్తుతున్నారు. మళ్ళీ పాలు, మళ్ళీ జనరేటరు, ట్యాంకరు కోసం ఎదురుచూపు, మళ్ళీ సాయంత్రం పాలు. పాపం ఆ బెంగళూరు ఆయన, సామాను తర్వాత పంపిస్తానంటే, మధ్యాహ్నం బస్సుకు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. మధ్యమధ్యలో మా ఆయన ఫోను.

"చేనంతా అయిపోయింది. అమ్మ మొదటి సాలు మాత్రం ముట్టనీలేదు. ట్రాక్టరోడు కాళ్ళు పట్టుకున్నా ఇనలేదు. నీకోసరం ఇడిసిపెట్టింది. ఎప్పుడొస్తాండావు?"

"వస్తాండా" అనే అన్నాను ప్రతిసారీ.

మూడో రోజు మావాళ్ళు మట్టికాళ్ళతో, నవ్వు మొహాలతో పనికి వచ్చాక నేను చేనికి పరుగెత్తాను. అత్త గట్టు మీద కూర్చుని ఉంది. విత్తనాల చేట నా చేతికిచ్చింది. సాలులో వేలు గుచ్చి చూశాను. పైన పొడి, లోపల కూడా పొడే. రెండు ఎండలు కాసేశాయి. అయినా ఆ చివర నుంచి ఈ చివర దాకా వదిలాను. గింజలు పొడి మట్టిలో గలగలమని పడ్డాయి. అత్త కొబ్బరికాయ కొట్టింది.

ఆ వారంలోనే యజమాని కేంద్రానికి వచ్చాడు. ఆయన చెప్పులకు కూడా మట్టి ఉంది. ఆయన పొలం బుక్కరాయసముద్రం దిక్కున ఉంది, అక్కడా వాన పడిందట, ఫోను గట్టు మీద పెట్టి చేన్లో ఉండిపోయాడట. శిక్షకుడు పంపింది ఫోనులో తీసి చదివాడు. ఎక్కడంలో నాకు ఫుల్, కలిపి దించడంలో సున్నా. సూపర్‌వైజరుకు రెండింటిలోనూ ఫుల్. చివర "క్యాన్లు చాలా బరువుగా ఉన్నాయి" అని కూడా రాశాడు.

యజమాని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఈ లెక్కన కుర్చీ ఆయప్పది. సరే గానీ, ఆ రెండు పొద్దులూ పాలు ఇరిగినాయా?"

"లేదు సార్."

"ఒక్క క్యాను కూడా?"

"లేదు సార్."

"అయితే ఆ స్టూలు తీసెయ్ పో. ఎవరన్నా తట్టుకోని పడతారు."

స్టూలు తీసింది సూపర్‌వైజరే. "నేను ముందే అనుకున్యా అక్కా" అన్నాడు, ఏమనుకున్నాడో చెప్పలేదు. నేను కుర్చీలో కూర్చున్నాను. మనసారా సంతోషించాను, స్వీట్లు పంచాను, ఫోటో కూడా దిగాను. ఈసారి అందరూ కలిసి నిలబడ్డారు.

మరో వారానికి చేను మొలిచింది. ఎర్రమట్టి మీద పచ్చటి వరసలు చూస్తుంటే కడుపు నిండిపోయేది. రోడ్డు పక్క మొదటి సాలు మాత్రం బోసిగా ఉండిపోయింది. దారిన పోయేవాళ్ళంతా ఆగి అడిగేవాళ్ళు, ఈ ఒక్క సాలుకు ఏమైందని. గట్టు మీద కూర్చున్న మా అత్త అందరికీ ఒకటే జవాబు చెప్పేది.

"అది మా కోడలు మేనేజరైన సాలు."

అది గర్వమో ఎత్తిపొడుపో నేను ఎంత చెవిపెట్టి విన్నా తేలలేదు. కుర్చీ తిరిగి ఇచ్చెయ్యమంటే ఇవ్వను, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ నా చేతి విత్తనం మొలవకపోవడం అదే మొదటిసారి, అది చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉండేది. ఒక ఆదివారం ఆ సాలు పొడవునా వంగి వెతికితే, అక్కడొకటి అక్కడొకటి మొలకలు కనిపించాయి. ఇంటి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి చెంబుతో వాటి మొదట్లో పోస్తుంటే మా ఆయన గట్టు మీద నుంచి నవ్వాడు.

"మేనేజరమ్మ చెట్లకు బోరు ఏపిద్దామా?"

నేను చెంబు ఇంకో మొలక మొదట్లో వంచాను. బిందె ఖాళీ అయితే, మా అత్త లేచి దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఇంకో బిందె నీళ్ళకు తానే పోయింది.